తాళంచెవి ఇంట్లోనే ఉన్నది, కారు లేదు

ఈ శీర్షిక క్రింద మేము సాధారణంగా పింఛను కాగితాల గురించీ, రైలు వేళల గురించీ, పిల్లల పరీక్షల గురించీ వ్రాస్తూ ఉంటాము. ఈ నెల కారు తాళంచెవుల గురించి వ్రాయవలసి వచ్చింది. కారణం లేకపోలేదు. బరంపురంలోనూ, ఛత్రపురంలోనూ, చివరకు మన కొడలలోనూ మనవారి ఇళ్ళ ముందు కార్లు నిలుస్తున్నవి. తాతల నాడు ఎడ్లబండి విప్పిన చోటనే ఈనాడు కారు నిలుపుతున్నాము. అబ్బాయి హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉద్యోగం చేసుకుంటూ, నెలనెలా వాయిదాలు కడుతూ తండ్రికి కొనిపెట్టినది ఒకటి. పదవీ విరమణ నాడు చేతికి వచ్చిన సొమ్ములో సగం పోసి కొన్నది మరొకటి. ఇల్లు తరువాత మన కుటుంబాలలో అంత ఖరీదుగల వస్తువు మరొకటి లేదు.

ఈ కార్లలో చాలావాటికి ఇప్పుడు తాళంచెవి త్రిప్పే పని లేదు. అది జేబులో ఉంటే చాలు. తలుపు పిడి మీద చెయ్యి వేస్తే తెరుచుకుంటుంది, బొత్తాం నొక్కితే ఇంజను కదులుతుంది. దీనిని గురించి మన చందాదారులలో ఒక పెద్దాయన మమ్మల్ని ఒక ప్రశ్న వేశారు. "జేబులోనుంచి తీయకుండానే నాకు తలుపు తెరిచే తాళంచెవి, నేను నిద్రపోతూ ఉండగా ఇంకొకడికి తెరవదని ఏమి నమ్మకం?" అన్నారు. మెట్రిక్ చదివిన గుమాస్తాలము గనుక వెంటనే జవాబు చెప్పలేదు. తెలిసినవారిని అడిగి, చదవవలసినవి చదివి వ్రాస్తున్నాము. పెద్దాయన అనుమానం నూటికి నూరుపాళ్ళు సరియైనదే.

ముందు ఆ చెవి పని చేసే తీరు చూద్దాము. మనం తలుపు పిడి తాకగానే కారు చాలా సన్నని గొంతుతో ఒక కేక వేస్తుంది. అది సుమారు 125 కిలోహెర్ట్జుల రేడియో అల. దాని సత్తువ గజం, రెండు గజాలకు మించి పోదు. ఆ కేక అందిన తాళంచెవి మేలుకొని, రహస్య లెక్క ఒకటి కట్టి, దాని జవాబును వేరొక అల మీద పంపుతుంది. మన దేశంలో అది సాధారణంగా 433 మెగాహెర్ట్జుల దరిదాపున ఉంటుంది. ఈ జవాబు పదుల గజాల దూరం పోగలదు. జవాబు సరిపోతే కారు తలుపు తీస్తుంది. ఇందులో కారు నమ్ముకున్నది ఒక్కటే: "నా కేక చిన్నది. అది వినబడినదంటే చెవి నా ప్రక్కనే ఉండి తీరాలి." దొంగ పట్టుకున్న లొసుగు ఇక్కడే ఉన్నది.

దొంగలు ఇద్దరు వస్తారు. ఒకడు కారు దగ్గర, రెండవవాడు మన వీథి గుమ్మం దగ్గర నిలుస్తాడు. ఇద్దరి చేతులలోనూ చెరొక పెట్టె. మొదటివాడు తలుపు పిడి తాకుతాడు, కారు కేక వేస్తుంది. వాడి పెట్టె ఆ కేకను అందుకొని రెండవవాడి పెట్టెకు పంపుతుంది. అది దానిని పెద్దది చేసి గోడకు ఇవతల మేకుకు వ్రేలాడుతున్న తాళంచెవికి వినిపిస్తుంది. చెవి పాపం యజమాని వచ్చాడనుకొని జవాబు చెబుతుంది. కారు తెరుచుకుంటుంది. మళ్ళీ అదే తంతుతో ఇంజను నడుస్తుంది. ఒకసారి ఇంజను నడిచిన తరువాత చెవి దూరమైనా కారు ఆగదు. దారి మధ్యలో ఆగిపోతే ప్రమాదమని అట్లా తయారు చేశారు. మహా అయితే లోపల గంట మ్రోగుతుంది. ఆ గంట వినేది దొంగే గదా.

రహస్య లెక్క ఎంత గట్టిదైనా ఇక్కడ ఉపయోగం లేదన్నది మనవారు గమనించాలి. 2013 జూలైలో మన దేశంలో తంతి సర్వీసు ఆగిపోయింది. అంతకుముందు తంతి జవాను తెచ్చిన కాగితంలో వ్యాపారస్థుల గూఢాక్షరాలు ఉన్నా, వాటి అర్థం అతనికి తెలియనక్కరలేకపోయేది. ఇక్కడినుంచి తీసుకొని అక్కడ ఇవ్వటమే అతని పని. ఈ పెట్టెలూ అంతే. రహస్యాన్ని విప్పవు, మోసుకుపోతాయి.

ఇదంతా నిన్న మొన్న బయటపడినది కాదు. 2011లోనే స్విట్జర్లండులోని జ్యూరిక్ సాంకేతిక విద్యాలయానికి చెందిన ముగ్గురు పరిశోధకులు, ఫ్రాంసియోఁ, డానెవ్, చాప్‌కున్ అనేవారు, 8 కంపెనీలు తయారుచేసిన 10 రకాల కార్ల మీద ఈ పరీక్ష చేసి ఫలితాలు ప్రకటించారు. తాళంచెవి 50 మీటర్ల దూరాన, కంటికి కనబడకుండా ఉన్నా కారు కదిలింది. దొంగ పెట్టెకూ చెవికీ మధ్య 8 మీటర్ల ఎడం ఉన్నా చెవి మేలుకొన్నది. 8 మీటర్లంటే మన పాతకాలపు ఇళ్ళలో వీథి అరుగు నుంచి సావడి దాటి నడవ దాకా వస్తుంది. ఈ సంగతి పండితులు లోకానికి చెప్పిన తరువాత కూడా కంపెనీలవారు ఏళ్ళ తరబడి అటువంటి కార్లే అమ్ముతూ వచ్చారు. జర్మనీలోని మోటారు క్లబ్బు ఆడాక్ వారు తరువాత వందలాది కార్లు పరీక్షించి, అత్యధిక భాగం ఇట్లాగే తెరుచుకుంటున్నవని వెల్లడించారు. దీనిని మేము అజాగ్రత్త అనము, బేరం అంటాము. జేబులో చెయ్యి పెట్టనక్కరలేని సుఖానికి గిరాకీ ఉన్నది. ఆ సుఖం వెనుకనున్న చిల్లికి కొనేటప్పుడు ఎవరూ ధర అడగరు.

2017లో ఇంగ్లండులోని సాలిహల్ అనే ఊళ్ళో ఇద్దరు దొంగలు ఒక మెర్సిడిస్ కారును ఇట్లా ఎత్తుకుపోతూ ఉండగా ఇంటి కెమెరాలో పడ్డారు. వెస్ట్ మిడ్‌లాండ్స్ పోలీసులు ఆ బొమ్మను అందరికీ చూపించారు. మొత్తం పని నిమిషం లోపే ముగిసింది. అద్దం పగలలేదు, కుక్క మొరగలేదు.

ఇక కెనడా. మన గంజాం తెలుగు కుటుంబాలలోనూ టొరంటో, బ్రాంప్టన్ ప్రాంతాలలో పిల్లలున్నవారు కనబడుతున్నారు. అక్కడ ఈ దొంగతనం ఒక పరిశ్రమ అయి కూర్చున్నది. ఏటా సుమారు 90,000 కార్లు పోతున్నవని అక్కడి ప్రభుత్వమే చెప్పుకొని, 2024 ఫిబ్రవరి 8న ఒట్టావాలో దీనికోసం జాతీయ సమావేశం పెట్టింది. రాత్రి పోయిన కారు కంటెయినరు పెట్టెలో దూరి మాంట్రియల్ రేవు మీదుగా సముద్రం దాటేది. అదే సంవత్సరం టొరంటోలో ఒక వింత జరిగింది. చెవుల కోసం దొంగలు ఇళ్ళలోకే జొరబడుతూ ఉండటం చూసి, తాళంచెవిని వీథి గుమ్మం దగ్గర పెట్టుకోండి, కారు తీసుకొని పోతారు, మీ జోలికి రారు అని ఒక పోలీసు ఉద్యోగి ప్రజల సభలో సలహా ఇచ్చాడు. లోకమంతా నవ్వింది. మాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ మాట వెనుక ముసలివాళ్ళకు, పిల్లలకు దెబ్బ తగలకూడదన్న భయం ఉన్నది. కారు కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవద్దన్న వరకు ఆయన చెప్పినది మనకూ పనికివస్తుంది. చెవిని గుమ్మం దగ్గర పెట్టమన్నది మాత్రం పనికిరాదు.

మన దేశం మాట వేరు. ఇక్కడ ఎక్కువగా వినబడేది రెండు పెట్టెల దొంగతనం కాదు, దానికి దాయాది. ప్రతి కారులోనూ స్టీరింగు క్రింద, మెకానిక్కులు రోగం చూడటానికి యంత్రం తగిలించే ఒక సాకెట్టు ఉంటుంది. దొంగ అద్దం పగులగొట్టో, మరొక విధంగానో లోపలికి దూరి, ఆ సాకెట్టుకు తన పలక తగిలించి, ఒక ఖాళీ తాళంచెవికి "ఇకమీదట నువ్వే అసలుదానివి" అని నామకరణం చేయిస్తాడు. పెళ్ళి పందిట్లో పెళ్ళికొడుకును మార్చినట్లు. కొన్ని నిమిషాల పని. ఢిల్లీ ప్రాంతంలో క్రెటా, ఫార్చ్యూనరు వంటి కార్లు ఇట్లా పోయిన వార్తలు పత్రికలలో తరచుగా వచ్చినవి. 2025 జూన్‌లో అక్కడ ఒక క్రెటా కారును కాజేస్తున్న దృశ్యం కెమెరాలో పడి ఊరూరా తిరిగింది.

ఆంధ్రదేశానికి దగ్గరగా చెప్పాలంటే హైదరాబాదు సంగతి ఉన్నది. 2021 జనవరిలో బంజారాహిల్స్‌లోని ఒక పెద్ద హోటలులో దిగిన కన్నడ సినీ నిర్మాత గారి కారు మాయమయింది. ఏడాది పైగా గడిచిన తరువాత, 2022లో, రాజస్థానుకు చెందిన ఒక వ్యక్తిని హైదరాబాదు పోలీసులు పట్టి తెచ్చారు. వాడు కండలు తిరిగిన గజదొంగ కాదు, పెద్ద చదువు చదివినవాడు. పోలీసులు చెప్పినదాని ప్రకారం, విదేశం నుంచి తెప్పించిన యంత్రంతో తాళంచెవికి నకలు తయారు చేసుకొని ఖరీదైన కార్లు మాత్రమే ఏరుకునేవాడట. గజాలు, కన్నపుకోలలు పోయి పలకలు వచ్చినవి.

కొడలలో ఇంతవరకు ఇటువంటిది జరిగినట్లు మేము వినలేదు. అయినా మనం కొడలలోనే కూర్చోము గదా. చైత్ర మంగళవారాలలో తారాతారిణి కొండ క్రింద, ఠాకురాణి యాత్ర రోజులలో బరంపురం వీథులలో, ఆదివారం గోపాలపురం సముద్రపుటొడ్డున, మెడికల్ కాలేజీ ఆసుపత్రి బయట కార్లు వదిలి గంటల తరబడి పోతాము. అటువంటి చోట మూడవ రకం మోసం ఒకటి ఉన్నది. మనం తాళం వేసే బొత్తాం నొక్కిన క్షణంలోనే దొంగ ఒక చిన్న పరికరంతో ఆ అలను చెడగొడతాడు. కారు తాళం పడదు. మనం పడినదనుకొని పోతాము. దీనికి మందు పైసా ఖర్చు లేనిది: బొత్తాం నొక్కి వెనుదిరగకుండా, దీపాలు వెలిగినవా చూసి, పిడి ఒకసారి లాగి చూడటం. చెవి జేబులో ఉంటేనే తెరుచుకునే కార్లలో ఈ పరీక్ష మోసపుచ్చుతుంది. మనం లాగితే అది తెరుచుకోక ఏమి చేస్తుంది? అందుకని చెవిని పది అడుగుల అవతల ఇంకొకరి చేతికి ఇచ్చి లాగి చూడాలి. లేదా అద్దాలు ముడుచుకోవటం, లోపలి తాళం పడిన చప్పుడు గమనించాలి.

ఇంటి దగ్గర చేయవలసినదానికి వద్దాము. మన ఇళ్ళలో తాళంచెవులు ఎక్కడ ఉంటాయో మాకు తెలుసు. వీథి గుమ్మం ప్రక్కన మేకుకు, లేకపోతే కిటికీ పక్కనున్న గూటిలో. తాళంకప్ప చెవులకు ఆ చోటు బాగానే ఉన్నది. కారు చెవికి మాత్రం అది దొంగ ఒడిలో పెట్టినట్లే. లోపలి గదిలోకి మార్చండి. అంతకంటె మేలు, రేకు డబ్బాలో పెట్టి మూత బిగించండి. ఇంగ్లండులో మైకేల్ ఫారడే అనే శాస్త్రవేత్త 1836లోనే లోహపు పంజరం లోపలికి విద్యుత్తు చొరబడదని చూపించాడు. ఆయన పేరుతోనే ఈ రోజు సంచులు అమ్ముతున్నారు. లోపల లోహపు గుడ్డ కుట్టిన చిన్న సంచి అది. కొనగలిగినవారు కొనవచ్చు. అయితే ఆ గుడ్డ మడతల దగ్గర చిట్లితే సంచి వట్టి సంచే అవుతుంది గనుక రెండు మూడు నెలలకు ఒకసారి పరీక్షించుకోవాలి.

డబ్బా అయినా సంచి అయినా పరీక్ష ఒక్కటే. చెవిని అందులో పెట్టి మూసి, దానిని చేతపట్టుకొని కారు దగ్గరకు వెళ్ళి పిడి లాగండి. తెరుచుకోకపోతే డబ్బా పనికివచ్చినట్లు. తెరుచుకుంటే ఆ డబ్బాలో పోపుగింజలు పోసుకొని ఇంకొకటి చూడండి. స్టీలు డబ్బాలన్నీ ఒకటి కావు. మూత వదులుగా ఉంటే, ప్లాస్టిక్ పట్టీ ఉంటే అల దూరిపోతుంది. అన్నాలు చుట్టే అల్యూమినియం కాగితంతో చుడితే కొంతవరకు ఆగుతుంది గాని, రోజూ విప్పి చుట్టి చిరుగులు పడిన తరువాత దానిని నమ్మలేము. ఫ్రిజ్జులో పెట్టమని కొందరు చెబుతున్నారు, చెమ్మ చేరి చెవి పాడవుతుంది. మైక్రోవేవ్ పొయ్యిలో పెట్టడం అసలే వద్దు. తెల్లవారి నిద్రమత్తులో ఎవరైనా పాలు కాచబోతే కారు మాట అటుంచి ఇల్లు చూసుకోవలసి వస్తుంది. ఇంకొక మాట. రెండవ చెవి కూడా డబ్బాలోనే ఉండాలి. బీరువాలో చీరల క్రింద పెట్టిన రెండవ చెవిని అందరూ మరచిపోతారు. దాని లోపలి బిళ్ళ సెల్లు బ్రతికి ఉన్నంతకాలం అదీ జవాబు చెబుతూనే ఉంటుంది.

కొన్ని కార్లలో ఈ పిలుపు ఏర్పాటునే ఆపుచేసుకొనే వీలు ఉన్నది. కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. లేకపోతే అమ్మినవారిని అడగాలి. కొన్ని కొత్త చెవులు కొద్దిసేపు కదలకుండా ఉంటే నిద్రపోతాయి. మేకుకు వ్రేలాడే చెవి అప్పుడు కేక వినదు. ఇంకా కొత్తవాటిలో జవాబు వచ్చిన కాలాన్ని కొలుస్తారు. వెలుతురు సెకనులో వందకోట్లవ వంతుకు ఒక అడుగు దూరం పోతుంది గనుక, జవాబు ఎంత ఆలస్యమైతే చెవి అంత దూరాన ఉన్నట్లు కారు లెక్క కడుతుంది. కొత్త కారు కొనబోయే వారు, రంగు అడిగే ముందు, మీ చెవి దూరాన్ని కొలుస్తుందా అని అడగండి. అమ్మే కుర్రవాడు తెల్లమొహం వేసినా ఫరవాలేదు, పై వారిని అడిగి చెబుతాడు.

అయితే డబ్బా ఒక్కదానినే నమ్ముకోవద్దు. సాకెట్టు ద్వారా చెవిని పుట్టించుకొనే దొంగకు మన డబ్బాతో పని లేదు. 2022లో లండనులో ఒక కారు ముందు దీపం దగ్గర తీగలు లాగి, ఆ తీగల గుండా లోపలి యంత్రాంగాన్ని మోసగించి తోలుకుపోయారు. దాని రహస్యం ఇద్దరు ఇంజనీర్లు 2023లో బయటపెట్టారు. ఇటువంటివాటికి పాతకాలపు ఇనుమే మందు. స్టీరింగు చక్రానికి అడ్డంగా వేసే ఇనుప కడ్డీ, లేదా గేరు తాళం. కంటికి కనబడేటట్లు ఉంటుంది గనుక దొంగ ముందుగానే లెక్క వేసుకుంటాడు. దానిని కోయలేడని కాదు. కోయటానికి చప్పుడు, సమయం కావాలి. నిమిషంలో పోదామని వచ్చినవాడికి ఆ రెండూ గిట్టవు.

ఇంతవరకు వ్రాసినదంతా వస్తువు గురించి. మమ్మల్ని ఈ వ్యాసానికి కూర్చోబెట్టినది నిజానికి మనుష్యుల సంగతి.

కారు పోయింది. అద్దం పగలలేదు. రెండు చెవులూ ఇంట్లోనే ఉన్నవి. అప్పుడు ఇంటివారి నోటి వెంట మొదట వచ్చే మాట ఏమిటి? "డ్రైవరు." రెండవ మాట, "వాడు నిన్ననే జీతం బదులు అడిగాడు." మన చిన్న ఊళ్ళలో డ్రైవరంటే ప్రక్క పల్లె కుర్రవాడు. నెలలో పది రోజులు మన కారు, మిగతా రోజులు ఇంకొకరిది తోలుకుంటాడు. ఒకసారి ఠాణాకు పిలిపించారన్న పేరు వస్తే ఆ తరువాత ఖల్లికోట నుంచి ఆస్కా దాకా వాడికి చెవి చేతికిచ్చేవారు ఉండరు. తరతరాలుగా ఒడియా ఇరుగుపొరుగుతో అక్కా, భాయీ అని పిలుచుకుంటూ బ్రతుకుతున్న వీథిలో ఒక్క అనుమానపు మాట ఎంత దూరం పోతుందో మన పెద్దవారికి చెప్పనక్కరలేదు. చెవి లేకుండా, అద్దం పగలకుండా కారు పోగలదు అన్న సంగతి మన ఇళ్ళలో తెలిసి ఉంటే, ఆ మాట నాలుక చివర కాస్త ఆగుతుంది. డ్రైవరు మీద నిజంగా ఆధారం ఉంటే చెప్పవలసినదే. చెవి ఇంట్లో ఉన్నదన్నది మాత్రం ఆధారం కాదు.

ఠాణాలో ఫిర్యాదు ఒడియాలో వ్రాసుకుంటారు. మనలో ఒడియా ధారాళంగా మాట్లాడుతూ, చదవటం రాని పెద్దలు, ముఖ్యంగా స్త్రీలు, ఇంకా చాలామంది ఉన్నారు. సంతకం చేసే ముందు మొత్తం చదివించుకోండి. మీరు అనని పేరు అనుమానితుల వరుసలో ఉంటే అక్కడే తీయించండి. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఫిర్యాదు ఇచ్చినవారికి ఉచితంగా ఇవ్వాలని చట్టమే చెబుతున్నది. మొహమాటపడక అడిగి తీసుకోండి.

అనుమానం డ్రైవరు మీదనే ఆగదు. బీమా కంపెనీవారు యజమానిని కూడా అదే కంటితో చూస్తారు. క్లెయిము పెట్టగానే రెండు చెవులూ తెమ్మంటారు. ఒకటి ఎప్పుడో పారవేసుకొని ఊరుకున్నవారికి అక్కడ చిక్కు మొదలవుతుంది. కనుక చెవి పోయిననాడే దానిని కారు జ్ఞాపకంలోనుంచి కొట్టివేయించి, ఆ రశీదు దాచండి. కారు పోయిన వెంటనే 112కు ఫోను చేసి, ఎఫ్.ఐ.ఆర్. చేయించి, కంపెనీకి వ్రాతమూలకంగా తెలియజేయండి. పోలీసులకు వెంటనే చెప్పి, కంపెనీకి తెలపటంలో మాత్రం ఆలస్యమైతే, ఆ ఒక్క కారణంతో నిజమైన క్లెయిమును త్రోసిపుచ్చరాదని సుప్రీం కోర్టు 2020 జనవరిలో తీర్పు చెప్పింది. కాగితం చూసి బెదరినవారు ఈ తీర్పు మాట గుర్తు పెట్టుకోవాలి.

అన్నిటికంటె ముందు మీ పాలసీ కాగితం ఈ పూటే తీసి చూడండి. మూడవ పక్షానికి మాత్రమే వర్తించే పాలసీ అయితే కారు దొంగల పాలైతే పైసా రాదు. రెండు మూడేళ్ళు గడిచి కారు పాతబడిందని, నాలుగైదు వేలు మిగులుతాయని, పూర్తి బీమా మాని ఈ చిన్న పాలసీకి దిగేవారు మనలో చాలామంది ఉన్నారు. గుమాస్తా జీతంతో బ్రతికే మాకు ఆ నాలుగు వేల విలువ తెలియకపోలేదు. అయినా ఇంటి ముందు రాత్రంతా వీథిలో నిలిచే కారుకు ఆ పొదుపు తగదని మా అభిప్రాయం.

చివరగా అమ్మమ్మలు, మామ్మలు అడిగే ప్రశ్న ఒకటి. చెవిలోని బిళ్ళ సెల్లు అయిపోతే అర్ధరాత్రి ఆసుపత్రికి పోయేదెట్లా? చెవి వెనుక చిన్న మీట నొక్కితే లోపలినుంచి ఇనుప చెవి ఊడి వస్తుంది. దానితో డ్రైవరు వైపు తలుపు తెరవాలి. ఆ తరువాత చాలా కార్లలో సెల్లు లేని చెవిని ఇంజను బొత్తానికే ఆనించి నొక్కితే కారు కదులుతుంది. కొన్నిటిలో దానికి వేరే గూడు ఉంటుంది. ఇది చీకట్లో నేర్చుకొనే విద్య కాదు గనుక పగటి పూట ఒకసారి ఇంటిల్లిపాదీ చేసి చూడండి. సెల్లు మార్చటం అయిదు నిమిషాల పని. చాలా చెవులకు సరిపోయే 2032 నంబరు బిళ్ళ బరంపురంలో గడియారాల దుకాణంలో కూడా దొరుకుతుంది.

డబ్బా పరీక్ష చేసినవారు ఏ డబ్బా నిలిచింది, ఏది నిలవలేదు అన్నది మాకు ఒక కార్డు ముక్క వ్రాస్తే వచ్చే నెల ఇక్కడే అచ్చు వేస్తాము.